బదులత్తయ్య రాని రోజులు

సాయంత్రం అయ్యేసరికి ఆ పాత గోదాము తలుపులు తెరుచుకునేవి. ఉద్యోగాలు, దుకాణాలు ముగించుకుని వచ్చినవాళ్ళు లోపల ప్లాస్టిక్ కుర్చీలు పక్కకు జరిపి నాటకం రిహార్సల్ చేసేవారు. ఆ బృందంలో ఎవరికీ జీతం లేదు. చూడవచ్చినవారికి టిక్కెట్టూ లేదు. ఊరికి నాలుగు మంచి మాటలు చెప్పాలన్నదే వాళ్ళ పట్టుదల.

అందరికంటే ముందు వచ్చేది ఒక పెద్దావిడ. ఒకప్పుడు బట్టలు కుట్టేది. భర్త పోయాక మిషన్ మీద గుడ్డ కప్పేసింది. నాటకంలో ఆమెకు వేషం లేదు. ఎవరు రాకపోతే వాళ్ళ బదులు నిలబడి మాటలు చదవడమే ఆమె పని. అందుకే అందరికీ ఆమె ‘బదులత్తయ్య’.

“అత్తయ్యా, ఇవాళ మీరే నా మొగుడు,” అనేది ఇల్లాలి వేషం వేసే నర్సు.

“అయితే ముందు కాఫీ పట్టుకురా. తర్వాత పోట్లాడదాం.”

అందరూ పడీ పడీ నవ్వేవారు. ఆ నవ్వు ఆమెకు ఇంటిదాకా తోడొచ్చేది. తాళం తీసి లోపలికి అడుగుపెట్టాక పలకడానికి ఎవరూ లేరు. రోజు మొత్తంలో ఆమె నోరు తెరిచి మాట్లాడేవి ఆ గోదాములోని మాటలే, అవీ వేరొకరివి. అందుకే బయల్దేరేముందు, ‘ఎవరో ఒకరు రాకుండా ఉంటే బాగుండు’ అనుకునేది. వెంటనే, ‘వాళ్ళకు జ్వరాలు రావాలని కోరుకుంటున్నానా!’ అని తనను తానే తిట్టుకునేది.

ప్రదర్శన దగ్గరపడింది. ఇక ఎవరూ మానలేదు. ఆమె రోజూ వచ్చి గోడవారగా కూర్చునేది. వచ్చినప్పుడు ఎవరూ పలకరించలేదు, వెళ్ళినప్పుడు ఎవరూ చూడలేదు. ఎవరి హడావుడి వారిది, తప్పు ఎవరిదీ కాదు అనుకుంటాం మనం. ఒక సాయంత్రం ఆమె చెప్పులు వేసుకుని గుమ్మందాకా వచ్చి, మళ్ళీ విప్పేసింది. ఆ తర్వాత వెళ్ళలేదు.

వారం గడిచాక తలుపు చప్పుడైంది. బృందాన్ని నడిపే మందుల షాపాయన.

“అత్తయ్యా, మన బస్సు కండక్టరుకి డ్యూటీ మార్చారట, ఇవాళ రాడు. మీరు రాకపోతే కొంప మునుగుతుంది!”

“వస్తాన్లే అబ్బాయ్. ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోవు కదా?”

“అడగండి.”

“ఇన్నాళ్ళూ నేను రాలేదుగా. నా బదులు ఎవరు కూర్చున్నారు?”

అతను నవ్వబోయాడు. ఆమె ముఖంలో నవ్వు లేదు. అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

“మీరు రావట్లేదని... ఇందాక అవసరం పడేదాకా నేను చూసుకోలేదు అత్తయ్యా.”

“అదే అనుకున్నాను,” అని ఆమె తాళంచెవి తీసుకుంది.

ఆ సాయంత్రం కండక్టరు మాటలన్నీ తడబడకుండా చదివింది. అయిపోయాక మందుల షాపాయన అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాడు.

“మనలో ఎవరు రాకపోయినా ఇట్టే తెలుస్తుంది, ఆట అక్కడ ఆగిపోతుంది కాబట్టి. ఈవిడ రాకపోతే ఏదీ ఆగలేదు. మన మనిషి ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటేనే పట్టించుకోనివాళ్ళం, రేపు వేదికెక్కి ఊరికి ఏం చెబుతాం? పని పడినప్పుడే గుర్తొచ్చే మనిషి, నలుగురి మధ్య ఉన్నా ఒంటరిదే. ఏ పనీ లేకపోయినా పలకరించాలి. అంతకంటే పెద్ద సేవ మనం చేయక్కర్లేదు.”

నర్సు లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“ఎలా ఉన్నారు అత్తయ్యా?”

ఆమె నోరు తెరిచి ఆగింది. ఇది ఎవరి బదులో చెప్పాల్సిన మాట కాదు. తనదే చెప్పాలి. దాన్ని వెతుక్కోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.