లేడన్న మాట

మిస్ ఒడెసా ప్రుయిట్ చేయాల్సిందల్లా తలుపు తీయడం, ఒక మాట వినడం, గుండెలు పగిలేలా అరవడం. అంతే. పొద్దుటి నుంచీ తలుపు తీస్తూనే ఉంది, మాట వింటూనే ఉంది. అరుపు మాత్రం ఛస్తే రావడం లేదు.

తూర్పు బాల్టిమోర్‌లో ‘హత్యల విభాగం’ సీరియల్ షూటింగంటే ఇప్పుడెవరికీ వింత కాదు. ఏళ్ల తరబడి ఆ సీరియల్ పోలీసులు ఇక్కడి సందుల్లో హత్య జరిగినట్టు పసుపు టేపు కడుతూనే ఉన్నారు. టేపు కనిపిస్తే జనం ముందు కిటికీలోంచి తొంగి చూస్తారు. పక్కన షూటింగ్ వాళ్ల తిండికి పెట్టిన డోనట్ల బల్ల ఉంటే సీరియల్ వాళ్లేలే అని ఊపిరి పీల్చుకుంటారు. బల్ల లేకపోతే పిల్లల్ని లోపలికి లాగి తలుపేసుకుంటారు.

శవాలుగా పడుకోవడానికీ, చుట్టూ మూగడానికీ ఆ వీధివాళ్లనే పిలుస్తారు. మిస్ ఒడెసా ఇంతకుముందు గుంపులో నిలబడింది. ఈసారి ఏకంగా తల్లి వేషమే దొరికింది. కొడుకును ఎవరో చంపేశారని డిటెక్టివ్ వచ్చి చెబితే వినాలి. చర్చిలో పాడేవాళ్లందరికీ ముందే టాంటాం వేసేసింది. ఇప్పుడేమో మెట్ల అవతల ఇంకొకావిడ, అచ్చం అలాంటి గౌనే తొడుక్కుని, పిలిస్తే లేచి రావడానికి కుర్చీ అంచున కూచుంది. ఆవిణ్ణి చూసినప్పుడల్లా మిస్ ఒడెసాకు ఒళ్లు మండిపోతోంది.

“మిస్ ఒడెసా, ఇబ్బందెక్కడండీ?” దర్శకుడు నోవాక్ ఓపిక తెచ్చిపెట్టుకుని అడిగాడు. “డిటెక్టివ్‌గా ఆల్టన్ ఆ మాట అనగానే మీరు అరవాలి. అంతేగా!”

“ఏమంటున్నాడాయన? ‘మీ ఆంథొనీ లేడమ్మా’ అంటున్నాడు. దానికెవరరుస్తారు బాబూ?”

“లేడంటే చనిపోయాడనే కదండీ.”

“నీకు తెలుసు, కాగితంలో చదివావు గనక. తలుపు తీసిన దానికెట్లా తెలుస్తుంది? చనిపోయాడని చెప్పించు, అరుస్తానో లేదో చూడు.”

“అలా అంటే మొరటుగా ఉంటుంది. లేడు అన్న మాటలో ఒక మెత్తదనం ఉంది.”

“చావు కబురుకు మెత్తదనమా! దిండనుకున్నావా నాయనా!”

లైట్లు పట్టుకున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. నోవాక్ నవ్వలేదు. రాసిన మాట మార్చే హక్కు తనకు లేదన్నాడు. కాసేపు ఆగుదాం, ఆ తర్వాత ఒక్కసారే, అప్పటికీ కుదరకపోతే ఏమీ అనుకోవద్దు అన్నాడు. అంటూ కుర్చీలో ఆవిడ వైపు చూశాడు.

ఆ డిటెక్టివ్ సార్జెంట్ వేషం వేసే ఆల్టన్ ఫెయిర్లీ వచ్చి ఆమె పక్కనే మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆ వీధిలో అతన్ని ఆల్టన్ అనేవాళ్లు లేరు. సార్జెంట్ అనే పిలుస్తారు. కారు ఎత్తుకుపోయారని ఫిర్యాదులు కూడా చేస్తారు, పాపం.

“అంత పట్టెందుకు పడుతున్నారు మిస్ ఒడెసా?”

ఆమె గౌను అంచు మోకాళ్ల మీదికి లాక్కుంది. “మా అబ్బాయి డరెల్‌ని కాల్చేసినప్పుడు నా గుమ్మంలోకీ ఒకడొచ్చాడు సార్జెంట్. అసలు డిటెక్టివే. కొత్తగా చేరినట్టున్నాడు. టోపీ తీసి ‘డరెల్ లేడమ్మా’ అన్నాడు. ‘అవును, లేడు. రేవులో పనికెళ్లాడు, సాయంత్రం రా, ఉంటాడు’ అని తలుపేశాను.”

“మళ్లీ తట్టలేదా?”

“లేదు. నీళ్లు నమిలి వెళ్లిపోయుంటాడు, వెధవ. నేనేమో డరెల్‌కిష్టమని సాల్మన్ చేప కేకులు వేయిస్తూ కూచున్నా. ఇంతలో వీధివాళ్లు ఒకళ్ల వెనక ఒకళ్లు గిన్నెలు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టడం మొదలెట్టారు. ఎవరింట్లో చావు, ఇన్ని వంటలెందుకు అని నవ్వుతూ అడిగా. ఎవ్వరూ నవ్వలేదు.”

ఆల్టన్ ఆమె వైపు తిరిగి కూచున్నాడు.

“అలా తెలిసింది నాకు. నోరు తెరిచి ఒక్కరూ ఆ మాట అనలేదు. ఈరోజు దాకా అనలేదు. లేడంటారు, వెళ్లిపోయాడంటారు, దేవుడి దగ్గరున్నాడంటారు. పాస్టరూ అంతే. దేనికని అరవను చెప్పు? ఈ వేషంలోనన్నా గుమ్మంలో నిలబడి ఒకడు సరిగ్గా చెబుతాడనుకుని ఒప్పుకున్నా.”

అంతలో నోవాక్ పిలిచాడు. మిస్ ఒడెసా కళ్లు తుడుచుకుని లోపలికెళ్లింది. కెమెరా తిరగడం మొదలైంది.

తలుపు తట్టిన చప్పుడు. ఆమె తీసింది. ఆల్టన్ టోపీ తీశాడు. “మీ ఆంథొనీ” అని ఆగిపోయాడు.

“అమ్మా, మీ అబ్బాయి చనిపోయాడు. ఎవరో తుపాకీతో కాల్చారు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.”

కెమెరా పట్టుకున్నతను తలతిప్పి నోవాక్‌ని చూశాడు. ఆపమనడానికి నోవాక్ చెయ్యెత్తి, మళ్లీ దించేశాడు.

మిస్ ఒడెసా అరవలేదు. తలుపు అంచు పట్టుకుని, “ఎవరూ? డరెలా?” అంది.

కాగితంలో కుర్రాడి పేరు ఆంథొనీ. అక్కడున్న అందరికీ ఆ సంగతి తెలుసు.

“అవునమ్మా. డరెలే. డరెల్ చనిపోయాడు.”

అప్పుడు అరిచింది. ఆ అరుపు టీవీలో వినిపించే అరుపులా లేదు. గొంతు చీరుకుపోయి, మధ్యలో ఊపిరందక ఆగి, మళ్లీ మొదలైంది. కూలిపోతుంటే ఆల్టన్ పట్టుకున్నాడు. పట్టుకుని తనూ నేల మీద కూచుండిపోయాడు. ఎదురింటి కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. డోనట్ల బల్ల కనబడుతున్నా ఎవరూ కిటికీ మూయలేదు.

చాలాసేపటికి గాని నోవాక్ ఆపమని చెప్పలేకపోయాడు. దగ్గరికొచ్చి గొంతుక్కూచున్నాడు.

“చాలా బాగా వచ్చిందండీ. నిజంగా. పేరొక్కటే తప్పు పడింది. కాస్త మంచినీళ్లు తాగి, ఆంథొనీ అని ఇంకొక్కసారి…”

“బుద్ధుందా నీకు?” అన్నాడు ఆల్టన్.

మిస్ ఒడెసా అతని భుజం ఆసరాగా లేచి నిలబడింది. గౌను దులుపుకుంది. ఆమెకు కోపం రాలేదు.

“ఆంథొనీకి ఆవిణ్ణి పిలుచుకో బాబూ,” అంది. “నేను అరిచింది మావాడికి.”