చప్పటి జావ

గరిటె వంచితే జావ ధారగా కారకూడదు, ముద్దగా ఊడిపడకూడదు. తప్పదు కాబట్టి వెళ్తున్నానన్నట్టు బద్ధకంగా జారాలి. అతను పొయ్యి ముందు నిలబడి గరిటె వంచి చూశాడు. ఇంకా పలచగానే ఉంది. మంట తగ్గించి మళ్ళీ కలపసాగాడు. బార్లీ, పప్పు, క్యారెట్ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేనంతగా ఉడికిపోయి, వంటిల్లంతా కమ్మటి వాసన పట్టింది.

విశ్వవిద్యాలయంలోని ఆహార, వ్యవసాయ వ్యాపార విభాగంలో అతనికి ఉద్యోగం. ఉద్యోగమంటే పెద్ద మాట. ప్రయోగశాలలో ఆవిరి పాత్రలు వేడెక్కించడం, చల్లారాక కడగడం. విద్యార్థులు 'ఆవిరి బాబాయి' అంటారు. ఏ క్షణాన బుద్ధి పుట్టిందో గాని, నెరిసిన జుట్టుతో అదే విభాగంలో సాయంత్రం తరగతులకి చేరాడు. మార్కెటింగ్ ఎలాగో దాటాడు. అకౌంట్స్ మాత్రం మూడు చెరువుల నీళ్ళు తాగించింది. గడ్డం పట్టుకుని బతిమాలినట్టు ఒక్కో పరీక్షా గట్టెక్కి, ఇప్పుడు ఆఖరి మెట్టు మీద నిలబడ్డాడు.

ఆ మెట్టు ఏమిటంటే, డిగ్రీ పూర్తికావాలంటే ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక ఆహార పదార్థం తయారుచేయాలి. ఖర్చెంతో, కొనేదెవరో చెప్పాలి. రుచి చూసేవాళ్ళ చేత సరేననిపించాలి. కుర్రకారంతా బిస్కెట్లూ సాసులూ పట్టుకున్నారు. అతను మాత్రం మింగలేని ముసలివాళ్ళ కోసం జావ పెట్టుకున్నాడు.

అలాంటి మనిషి ఇంట్లోనే ఉంది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పటినుంచి అమ్మకి గొంతు మాట వినడంలేదు. నీళ్ళు తాగితే పొలమారుతుంది, మెతుకు తింటే అడ్డం పడుతుంది. పూటపూటకీ తరిగిపోయి, దుప్పటి కింద మనిషి ఉందా లేదా అన్నట్టు తయారైంది. ఒక్క పూట ఆవిడ గిన్నెడు జావ పూర్తిగా తింటే చూడాలని అతని ఆశ. పట్టా గిట్టా ఆ తర్వాతే.

చిక్కల్లా ఆవిడ నాలుకతోనే. బతుకంతా హాస్టల్ వంటశాలలో వందలమందికి వండి పెట్టిన మనిషి. ఇంకొకరి వంటని మెచ్చుకోవడం ఆవిడ ఒంట్లో లేదు.

అతను ఆవిడని లేపి, వీపు వెనక దిండు పెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి చెంచా అందించాడు. ఆవిడ చాలాసేపు నోట్లో తిప్పి, మెల్లగా మింగింది.

"ఎలా ఉందమ్మా?"

"గోడకి కొట్టే సున్నం."

మాటలు ముద్దగా వస్తాయి గాని తిట్లు మాత్రం ఎప్పుడూ స్పష్టంగానే వస్తాయి.

"ఇంకొక్క చెంచా."

"ఉప్పేదిరా?"

"పెద్దవాళ్ళకి ఎక్కువ పనికిరాదమ్మా. ఇంతే వేయాలని హద్దు పెట్టారు."

"నన్నడిగి పెట్టారా?"

అతను నవ్వి మరో చెంచా పెట్టాడు. ఆమధ్య ప్రయోగశాలలో చేసినట్టే మూడు కప్పులు వరసగా పెట్టి, అంకెలు రాసి, వీటిలో వేరుగా ఉన్నదేదో చెప్పమని అడిగాడు. మూడూ చవిచూసి, "మూడూ నువ్వు చేసినవేగా, మూడూ ఒకటే" అని కళ్ళు మూసుకుంది.

ఈ పూట కూడా నాలుగు చెంచాలకే గోడవైపు తిరిగిపోయింది. ఆవిడ వంతులో వేరేగా కాస్త ఉప్పు వేద్దామని అతనికి అనిపించింది. కానీ పరీక్షలో పెట్టేదీ ఇంట్లో పెట్టేదీ ఒకే వంట కావాలని తనకు తనే పెట్టుకున్న నియమం. చదువు ఇంటిదాకా వచ్చి కూర్చుంది. వేయలేదు. మధ్యాహ్నానికి ఒక గిన్నెడు తీసిపెట్టి, పక్కింటి ఇల్లాలికి అప్పగించి, మిగతాది ఫ్లాస్కులో పోసుకుని బయల్దేరాడు.

రుచి చూసే గదిలో ఎర్రదీపం వేస్తారు, రంగు చూసి ఎవరూ మోసపోకుండా. ఫోన్లు బయట బీరువాలో పెట్టించేస్తారు. మధ్యాహ్నం దాకా చిన్న చిన్న కప్పులు లోపలికి వెళ్తూ, ఖాళీ అయి బయటికొస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత ప్రొఫెసరు మేడం అతన్ని పిలిచి కూర్చోబెట్టింది. కడిగే గదిలో, సాయంత్రం తరగతిలో తప్ప ఆ విభాగంలో ఎక్కడా కూర్చుని ఎరగడు. కుర్చీ అంచున సర్దుకున్నాడు.

"ఎవరు కొంటారు దీన్ని?"

"పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళండి. ఆసుపత్రులు కూడా."

"మీ ఇంట్లో ఎవరైనా తిన్నారా?"

"మా అమ్మకి పెడతానండి."

"ఏమంటారు?"

"సున్నం అంటుందండి."

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. "పోనీలెండి, ఇంట్లోవాళ్ళ మాట ఎలాగూ లెక్కలోకి తీసుకోం. అమ్మలు పిల్లల మొహం చూసి బాగుందనేస్తారు" అంది. తన అమ్మ సంగతి తెలియక అంటోంది పాపం, అనుకున్నాడు.

రుచి చూసినవాళ్ళు మెత్తగా ఉందన్నారు, హాయిగా దిగుతోందన్నారు, ఉప్పు సరిపోయిందన్నారు. "ఇక మీరు పూర్తిచేయాల్సిందేమీ లేదు. డిగ్రీ వచ్చినట్టే" అంది మేడం. అతను రెండు చేతులూ జోడించాడు. బయటికొచ్చి చూస్తే కప్పులన్నీ తొట్టిలో పడున్నాయి. వాటిని కడగడానికి వేరే మనిషి ఎవరున్నారు? పట్టభద్రుడు చొక్కా చేతులు పైకి మడిచి పని మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి ఇల్లాలు గుమ్మంలో కూర్చుని ఉంది. అతన్ని చూసినా లేవలేదు.

"మీకు ఫోన్ చేస్తే ఎత్తలేదన్నయ్యా" అంది.

జేబు తడుముకున్నాడు. ఫోను బీరువాలోనే మర్చిపోయాడు.

"జావ వేడిచేసి పెడితే మొహం తిప్పేసుకున్నారు. ఉప్పు తెమ్మన్నారు. సర్లే పాపమని, మీ వంటింట్లో కనబడక మా ఇంట్లోంచి తెచ్చాను. నేను వేస్తే చాల్లేదు, బాగున్న చేత్తో తనే వేసుకున్నారు. గిన్నె ఖాళీ చేసేశారు. ఇంకా ఉందా అనడిగారు కూడా. నిద్రొస్తోందంటే పడుకోబెట్టాను. ఇందాక లేపుదామని వెళ్తే..." ఆవిడ కొంగుతో మొహం ఒత్తుకుంది. "డాక్టరొచ్చి చూశాడు. నిద్రలోనే పోయారట."

అతను లోపలికి వెళ్ళాడు. అమ్మ మొహంలో విసుగు లేదు. పెదవి చివర జావ ఎండి తెల్లగా గీత కట్టింది. చొక్కా అంచుతో తుడిచాడు. ఆవిడ కడుపునిండా తింటున్నప్పుడు తను ఎర్రదీపం కింద ఎవరెవరి మెప్పు కోసమో నిలబడి ఉన్నాడు. దుఃఖం పొంగుకొచ్చింది. మంచం కోడు పట్టుకుని కూలబడి గట్టిగా ఏడ్చాడు.

చాలాసేపటికి, వెనకే వచ్చి నిలబడ్డ పక్కింటి ఇల్లాలిని "ఏమైనా అందామ్మా?" అని అడిగాడు.

"అన్నారన్నయ్యా. 'ఇప్పుడు తిండిలా ఉందని వాడికి చెప్పు' అన్నారు."

అతను తలెత్తాడు. మంచం పక్కన స్టూలు మీద పక్కింటివాళ్ళ ఉప్పుగిన్నె మూత తీసి ఉంది. చదునుగా ఉన్న ఉప్పులో ఒక పక్కగా, మూడు వేళ్ళు గిల్లిన గుంట.