ఆకలి చచ్చిపోయిన రోజు

దోమితిలా రొట్టెల కొట్టు ఈ నెలతో మూతపడుతుందని ముసలి ఒతీలియా అన్నట్టు మా ఆవిడ చెప్పింది. దోమితిలా మరిది ఎవరిస్తోకి మైకు కట్టిన కారుంది. మా మగ్దలేనా నది ఒడ్డు ఊళ్లలో చావు కబుర్లు చాటేది అలాంటి కారే.

"రొట్టెలు చవకంటే ఎవడూ తల తిప్పడొదినా. చావంటే పరిగెత్తుకొస్తారు" అని బయల్దేరాడు.

"మన ఊరి ఆకలి చచ్చిపోయిందహో! శవజాగరణ ఈ సాయంత్రం దోమితిలా కొట్లో!"

నల్లబట్టలతో, కొవ్వొత్తులతో ఊరంతా దిగింది. సంగతి తెలిసి పగలబడి నవ్వారు. శవజాగరణలో చేసినట్టే కుర్చీలేసుకుని, కాఫీ పెట్టించుకుని, రొట్టెల గంపలన్నీ ఖాళీ చేసి లేచారు.

దోమితిలా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మరి డబ్బులో?"

ఒతీలియా తీరిగ్గా మూతి తుడుచుకుంది.

"చావింట్లో పెట్టిన కాఫీకీ రొట్టెకీ ఎవరైనా డబ్బులిస్తారటే?"