పద్నాలుగు అంగుళాల చక్రాలు

బావ కారు వచ్చి అతని టైర్ల షాపు ముందు ఆగేసరికి ఉదయం ఎనిమిదిన్నర అయింది. నడుపుకుంటూ వచ్చింది అక్క. పక్క సీట్లో బావ నోరు తెరుచుకుని, ఒక్కో ఊపిరినీ కష్టపడి లాక్కుంటున్నాడు. కాళ్ళ వాపు మోకాళ్ళు దాటింది.

“ఇక్కడి ఆస్పత్రిలో మెషిన్లు ఆపేశారురా. జనరేటరుకి డీజిల్ లేదట. అంబులెన్సు కూడా కదలదట,” అంది అక్క. “పెద్దాస్పత్రికి తీసుకెళ్ళమన్నారు. నువ్వు నడుపు, నేను ఈయన్ని పట్టుకుని వెనక కూర్చుంటా.”

గాలివాన వెళ్ళిపోయి తొమ్మిది రోజులైంది. ఊళ్ళో కరెంటు లేదు, బంకుల్లో చుక్క లేదు. పెద్దాస్పత్రికి వెళ్ళే రోడ్డు నిన్ననే తెరిచారు గాని, దారి పొడవునా బంకులన్నీ ఖాళీయే. బావకి రోజు విడిచి రోజు జరగాల్సిన డయాలసిస్ ఇప్పటికే రెండుసార్లు తప్పిపోయింది.

అతను తన స్కూటర్ ట్యాంకులో ఉన్న పెట్రోలంతా వంచాడు. పక్క షాపు మెకానిక్ సీసాలో దాచుకున్నది అడిగి తెచ్చాడు. కారులో ముల్లు చూపించేదీ ఇదీ కలిపి ఐదున్నర లీటర్లు. వెళ్ళాల్సింది తొంభై ఏడు కిలోమీటర్లు.

అతను కారు చక్రాల వంక చూశాడు.

రెండేళ్ళ క్రితం వాటిని బిగించింది తనే. పద్నాలుగు అంగుళాల చక్రాలు తీసేసి పదిహేడు అంగుళాలవి పెట్టమని బావ పట్టుబట్టాడు. “వద్దు బావా. చక్రం బరువు, టైరు వెడల్పు. దాన్ని దొర్లించడానికే ఇంజిను ఎక్కువ తాగుతుంది. లీటరుకి మూడు కిలోమీటర్లు పోతాయి,” అని చెప్పాడు. “మైలేజీ ఎవడికి కావాలోయ్ గాలిశాస్త్రీ! బండి ఆగితే నలుగురూ తిరిగి చూడాలి,” అని బావ నవ్వాడు. ఎప్పుడూ టైర్లలో గాలి గురించి పాఠాలు చెబుతాడని బావ పెట్టిన పేరది. బావ మాట తీసేయలేక బిగించాడు.

ఇప్పుడు లీటరుకి పదిహేను. ఎనభై రెండు కిలోమీటర్ల దగ్గర, మనిషి కనబడని చోట ఆగిపోతుంది. పాత చక్రాలైతే లీటరుకి పద్దెనిమిది ఇచ్చేవి. అవి షాపు అటక మీదే ఉన్నాయి.

“చక్రాలు మార్చాలక్కా. అరగంట.”

“నీకేమైనా పిచ్చా? మనిషి ఇలా ఉంటే చక్రాలంటావేంట్రా!”

“ఇలాగే వెళితే దారిలో ఆగిపోతాం. అప్పుడు ఎత్తుకుని పరిగెత్తలేం.”

ఇద్దరూ కలిసి బావని దింపి షాపు బల్ల మీద కూర్చోబెట్టారు. అక్క పక్కన కూర్చుని బావ తల తన భుజానికి ఆనించుకుంది.

కారును జాకీ మీద లేపి, ఒక్కో చక్రం విప్పి పాతవి ఎక్కించాడు. రెండేళ్ళుగా పడి ఉన్న టైర్లలో సగం గాలే ఉంది. కరెంటు లేదు కాబట్టి కంప్రెసర్ పనిచేయదు. కాలితో తొక్కే పంపు తీశాడు. గాలి తక్కువైతే టైరు రోడ్డుకి అతుక్కుంటుంది, పెట్రోలు మింగేస్తుంది. అందుకే మామూలు కంటే కాస్త ఎక్కువే కొట్టాలి. నాలుగో టైరు అంచు రిమ్మును వదిలేసింది. ఎంత తొక్కినా బుస్సుమంటూ గాలి పక్కనుంచి పోతోంది. మోకాలు పట్టేసింది, చొక్కా తడిసి ముద్దయింది.

“ఒరేయ్, ఈయన కళ్ళు మూసుకుపోతున్నాయిరా!”

దాన్ని అవతల పారేసి, డిక్కీలో స్టెప్నీగా ఉన్న పద్నాలుగు అంగుళాల చక్రం తీసి బిగించాడు. ఇక దారిలో పంక్చరైతే ఉన్న చోటే ఉండిపోవాలి. గడియారం చూస్తే అరగంట కాదు, యాభై నిమిషాలు పట్టింది.

రోడ్డెక్కాక వేగం అరవై దాటనివ్వలేదు. ఏసీ వెయ్యలేదు. ఖాళీగా ఉన్న నున్నటి రోడ్డు ముందు పరుచుకుని ఉంటే, వెనక నుంచి అక్క ఏడుపు.

“తొక్కరా! నీ కాళ్ళు పట్టుకుంటా, కాస్త తొక్కరా!”

“తొక్కితే తాగేస్తుందక్కా.”

“ఆయన పోయాక మిగుల్చుకుంటావా ఆ పెట్రోలు?”

అతను కుడికాలిని గట్టిగా బిగబట్టి, అదే అరవైలో ఉంచాడు. ఎనభై రెండో కిలోమీటరు దాటినప్పుడు రెండు వైపులా నీళ్ళు నిలిచిన పొలాలే. పెద్ద చక్రాలతో అయితే ఇక్కడే ఆగిపోయేవాళ్ళమని అక్కకి చూపిద్దామనుకుని, మానేసి రోడ్డు వంకే చూశాడు.

ఆస్పత్రి కనిపిస్తుండగా కారు రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. ఇద్దరూ దిగి తోశారు. చెప్పులు జారిపోతున్నా ఆమె వెనక్కి చూడలేదు. గేటు కాపలావాడు పరిగెత్తుకొచ్చి తనూ చెయ్యి వేశాడు.

మెషిను ఎక్కించే లోపే బావ గుండె ఒకసారి ఆగింది. ఛాతీ నొక్కి, కరెంటు షాకిచ్చి తెప్పించారు. గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది.

“ప్రస్తుతానికి గండం గడిచింది. ఇంకో పావుగంట ముందు తెచ్చుంటే గుండె దాకా వచ్చేది కాదేమో. ఎల్లుండి మళ్ళీ చెయ్యాలి.”

ఆమె వెళ్ళాక అక్క గోడకు ఆనుకుని కూలబడింది.

“యాభై నిమిషాలు పంపు తొక్కావు.”

“పాత చక్రాలు వెయ్యకపోతే పదిహేను కిలోమీటర్ల ముందే ఆగిపోయేవాళ్ళం. ఒట్టు అక్కా.”

“అసలు ఆ పెద్ద చక్రాలు బిగించిందెవరు?”

బావే అడిగాడని చెప్పొచ్చు. లోపల గొట్టాల మధ్య పడుకున్న మనిషి మీద ఆ మాట మోపడానికి మనసొప్పలేదు.

“నేనే,” అన్నాడు.

అక్క చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “ఎల్లుండి దాకా ఇక్కడే ఉండాలి. పడుకోవడానికి చోటేమైనా ఇస్తారేమో కనుక్కుని రా,” అంది. అతను కుంటుకుంటూ కౌంటరు వైపు నడిచాడు.