రెండో ఓటు

ఈ కాఫీ కప్పుకు చెవి విరిగి ఎన్నాళ్లయిందో, దేశానికంతటికీ వడ్డీ రేటు నిర్ణయించే గదిలో దాన్ని మార్చాలని ఒక్కరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు, కేంద్ర బ్యాంకు గవర్నరైన ఈ నాలుగేళ్లలో ఆమె బుర్రలో తిరిగినవన్నీ ధరలే, నూనె ధర, పాల ధర, మొన్న మెట్లు తుడిచే ఆవిడ, జీతం అదేనమ్మా, సంచి మాత్రం సగమే నిండుతోంది అన్న మాట, అది చెవిలో ఉండగానే, వడ్డీ పెరిగితేనే ధరలు దిగొస్తాయని, ఇందాక రేటు పెంచాలని చేయెత్తింది, పెంచాలని ముగ్గురు, వద్దని ముగ్గురు, సరిసమానం, అలాంటప్పుడు గవర్నరే రెండో ఓటు కూడా వెయ్యాలని ఇక్కడి నియమం, చిన్నప్పుడు ఆటలో తమ్ముడు రెండుసార్లు పాచికలు వేస్తే తొండి అని వాడి జుట్టు పీకేది, అబ్బ, వాడెందుకు గుర్తొచ్చాడు ఇప్పుడు, పొద్దున ఫోన్ చేశాడు, వడ్రంగి షాపుకు కోత మిషను కొంటున్నాడట, రేటు పెరిగితే వాయిదా కూడా పెరిగే అప్పు, పన్నెండింటికి సంతకం, పోయినేడు పెద్ద ఆర్డరు చేజారి ఇప్పుడిప్పుడే ఊపిరి పీల్చుకుంటున్నాడు, అక్కా, పెట్టెయ్యనా, ఆగనా అన్నాడు, సమావేశానికి ముందు వారమంతా వడ్డీ ఊసు ఇంట్లోవాళ్లతో కూడా ఎత్తకూడదు, ఆగు అంటే గుట్టు చెప్పేసినట్టే, అందుకని ఏమైనా తిన్నావా అంది, వాడు నవ్వి, నీ గొంతు నిమ్మళంగా ఉందక్కా, అది చాలు నాకు, పెట్టేస్తా అన్నాడు, ఓరి పిచ్చోడా, విలేకరులకీ వ్యాపారులకీ ఏమీ దొరక్కూడదని ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకున్న నిమ్మళంరా అది, రేపు ఇల్లు కూలుతుందన్నా అదే గొంతుతో చెబుతాను.

పన్నెండున్నర, ఈపాటికి పెట్టేసే ఉంటాడు, మీ రెండో ఓటు మేడమ్ అంటున్నాడు డిప్యూటీ, వద్దంటే తప్పుపట్టేవాళ్లెవరూ లేరు, ముగ్గురు బుద్ధిమంతులు వద్దనే అన్నారు, వాళ్ల వెనక దాక్కోవచ్చు, ఎంత హాయి, కానీ అరగంట కింద పెంచాలన్న చెయ్యి ఇప్పుడు దించితే అది ఎవరి కోసమో తనకు తెలియదా, మెట్లు తుడిచే ఆవిడకు ఈ గదిలో అక్క లేదు కదా, పాపం వాడు, సాయంత్రం టీవీలో ఇదే గొంతు వింటాడు, ఇంకెప్పుడూ ఏమీ అడగడు, అయినా చెయ్యి లేచింది, పెంచుదాం అంది, గొంతు నిమ్మళంగానే ఉంది, రాసుకునేవాడు రాసుకున్నాడు, ఆమె చల్లారిన కాఫీ వంక చూస్తూ అనుకుంది, రెండు ఓట్లూ గవర్నరువే, అక్కకు ఒక్కటీ లేదు.