నాలుగు గిన్నెల నీళ్ళు

బల్ల కదలకూడదు కాబట్టి మందాయన నేలమీద బోర్లా పడుకున్నంత పని చేసి, బల్లకాళ్ళ కింది గిన్నెల్లో పాత నీళ్ళను గుడ్డతో అద్ది తీస్తున్నాడు. నాలుగు కాళ్ళకీ నాలుగు గిన్నెలు. కొత్త నీళ్ళు పోసి, ఒక్కో దాంట్లో ఒక్కో చుక్క సబ్బునీళ్ళు వేశాడు. సబ్బు లేకపోతే చీమలు నీళ్ళమీద నడిచి దాటేస్తాయి. బల్ల గోడకి తగలకుండా జానెడు ఎడం ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకుని, నడుం పట్టుకుని లేచాడు.

పురుగుల మందు కొట్టడం ఆయన పని. వీధిలో అందరికీ మందాయనే. వీపున పంపు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి చీమల్నీ బొద్దింకల్నీ చంపే మనిషి, సొంతింట్లో చీమలకి గిన్నెల్లో నీళ్ళు పెట్టుకుంటున్నాడని తెలిసి తోటి పనివాళ్ళు పడీపడీ నవ్వారు. నవ్వరా మరి! కానీ ఆ గదిలో మందు చుక్క పడకూడదు. బల్లమీద అద్దాల పెట్టెలో కోడలి సాలెపురుగు ఉంది. చీమని చంపే మందు దాన్నీ చంపుతుంది. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కోడలు కాపరానికొచ్చినప్పుడు రెండు పెట్టెల బట్టలతోపాటు దీన్నీ తెచ్చింది. టరాంటులా అంటారట. అరచెయ్యంత ఉంటుంది, ఒళ్ళంతా గోధుమరంగు నూగు. చదువుకునే రోజులనుంచీ పెంచుతోంది, ముద్దుగా ముసలమ్మ అంటుంది. ఆ రోజు కోడలు దాని తిండీ నిద్రా అన్నీ ఓపిగ్గా చెబుతుంటే, ఈయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకు కూర్చున్నాడు. పురుగుల్ని చంపి సంసారం ఈదినవాడి ఇంటికి పురుగుని పెంచే కోడలా అని రోషం. ఒక్క ముక్క చెవికెక్కించుకోలేదు.

కొడుకు లారీ తోలుకుంటూ వారాల తరబడి ఊళ్ళు తిరుగుతాడు. ఇంట్లో మిగిలేది వీళ్ళిద్దరూ, ముసలమ్మా. ఒకనాడు ముసలమ్మ తిని వదిలేసిన కీచురాయి ముక్కకి చీమలు బారులు తీరాయి. కోడలు ఏడుపుమొహంతో వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన బారు వెంబడే కిటికీ దాకా వెళ్ళి, దారి పొడుగునా సబ్బుగుడ్డతో తుడిచి, గోడ పగులులో సిమెంటు మెత్తి, గిన్నెలు పెట్టాడు. అదివరకు పొడిపొడిగా మాట్లాడే పిల్ల ఆ రోజు నోరారా “మామయ్యా” అంది. మందు బట్టలతో ఆ గదిలోకి రావద్దని బతిమాలుకున్నదీ ఆ రోజే. మర్నాటినుంచీ పెరటి స్నానాలగదిలో ఆయన కోసం ఉతికిన బట్టలు పెట్టి మరీ పనికి వెళ్తోంది.

ఇవాళ తను పనిచేసే కళ్ళద్దాల దుకాణానికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటూ అంది.

“మామయ్యా, ఇవాళ దాన్ని కదపకండి. తిండి మానేసింది కదా. చీమలు మాత్రం రాకుండా చూడండి చాలు.”

“నేనుండగా చీమ ఎలా వస్తుందమ్మా?” అన్నాడాయన, కాస్త గొప్పగానే.

ఆ పూట పని ఒక పెద్ద ఇంట్లో. ఇల్లావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, “అక్కడే, ఆ మెట్టుమీదే ఉండండి, సామాను తీయించాక పిలుస్తాను” అంది. ఆ మాట ఆయనకి అలవాటే. ఏ ఇంట్లోనూ ఆయన్ని లోపలికొచ్చి కూర్చోమన్నవాళ్ళు లేరు. మందు కలపబోతే సీసామీద కొలత గీతలు కనబడలేదు. కళ్ళజోడు ఇంట్లోనే మరిచిపోయాడు. పైగా పంపు కారి భుజమంతా తడిసింది.

ఇంటికి పరిగెత్తాడు. కళ్ళజోడు ముసలమ్మ పెట్టె పక్క గూట్లో ఉంది. స్నానం చేసి బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. ఒక్క నిమిషమే కదా అనుకుని, తడిచొక్కాతోనే గదిలోకి వెళ్ళి, పెట్టె మీదుగా చెయ్యి చాపి జోడు అందుకుని వచ్చేశాడు. దారిలో ఎందుకో మనసు పీకింది. పనిలో పడి మరిచిపోయాడు.

సాయంత్రం ఒకటికి రెండుసార్లు ఒళ్ళు రుద్దుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని గదిలోకొచ్చాడు. ముసలమ్మ వెల్లకిలా పడుంది. ఎనిమిది కాళ్ళూ పైకి ఉన్నాయి.

ఆ పడక ఆయనకి తెలుసు. తన మందు తగిలిన ప్రతి బొద్దింకా అలాగే పడుకుంటుంది. జీవితమంతా చూసిన చావు అది. పెట్టెమీద తట్టాడు, కదల్లేదు. తడిచొక్కాతో చెయ్యి చాపిన చోటు కళ్ళముందు ఆడింది.

కోడలు వచ్చి దీన్ని చూస్తుంది. తర్వాత తనవైపు చూస్తుంది. ఆ రెండో చూపు తట్టుకోవడం తనవల్ల కాదు. అట్టముక్కతో దాన్ని తీసి, పెరట్లో గోడవారగా ఉన్న కుండీ వెనక పెట్టి, పైన ఎండుటాకు కప్పాడు. గొయ్యి తీసేలోపే వీధి తలుపు చప్పుడైంది.

“మామయ్యా, ముసలమ్మేదీ?”

“మూత సరిగ్గా పడలేదేమోనమ్మా. ఎటో వెళ్ళుంటుంది.” మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

కోడలు ఆయన్ని అనుమానించలేదు. “పొద్దున నేనే తొందరలో పెట్టాను” అని తననే తిట్టుకుంటూ, టార్చిలైటు పట్టుకుని గంటసేపు ఇల్లంతా వెతికి, మళ్ళీ మంచం కిందికి దూరింది. అక్కణ్ణుంచే మాట్లాడుతోంది.

“కాలు చూసి పెట్టండి మామయ్యా. అది చర్మం మార్చుకునే సమయం. వచ్చిన రోజు చెప్పాను కదా, వెల్లకిలా పడుకుంటుంది, చూసినవాళ్ళు చచ్చిపోయిందనుకుంటారు. ఇప్పుడు ఒళ్ళు వెన్నలా ఉంటుంది. చీమ కుట్టినా బతకదు.”

ఆయన పెరట్లోకి నడిచాడు. కుండీ దాకా వెళ్ళకముందే చీమల బారు కనిపించింది. బారు ఎటు పోతుందో చూడగానే చెప్పగలిగే మనిషి, ఇవాళ చూడటానికే భయపడ్డాడు.

ఆకు తీశాడు. వీపుమీద పాత చర్మం చిట్లి, రెండు కాళ్ళు కొత్తవి బయటికొచ్చి ఉన్నాయి. మిగతా కాళ్ళు పాత తొడుగులోనే ఉండిపోయాయి. ఒళ్ళంతా చీమలు. ఊదాడు, వేళ్ళతో ఏరాడు. చేతులనిండా కుట్టాయి, కుట్టనిచ్చాడు. ముసలమ్మ మాత్రం కదల్లేదు.

“అమ్మా, ఇటు రా” అని పిలిచాడు. ఆమె వచ్చి లైటు వేసింది. “నేనే తెచ్చి ఇక్కడ పెట్టాను. నా మందుకే చచ్చిపోయిందనుకున్నాను. నీకు మొహం చూపించలేక అబద్ధం చెప్పాను.”

కోడలు ఆ రెండు కొత్త కాళ్ళమీదే లైటు నిలిపింది.

“అప్పటికి బతికే ఉంది మామయ్యా” అంది. తిట్టినా బాగుండేది.

దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి, “చేతులు కడుక్కుని లోపలికి రండి” అని గొంతు వినిపించింది. ఆయన పెరటి మెట్టుమీదే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళు ఆపితే ఆగాడు. ఇవాళ సొంత గడప ఆయన్ని ఎవరూ ఆపకుండానే ఆపింది.

తలుపు తెరిచే ఉంది. ఖాళీ పెట్టె కింద, పొద్దున తను పోసిన నీళ్ళు నాలుగు గిన్నెల్లోనూ నిండుగా, తేటగా ఉన్నాయి. ఒక్క చీమ కూడా పడలేదు.