ఒక రాత్రి గడవనిచ్చి

నల్లగౌను జిప్పు సగందాకా వచ్చి మొరాయించింది. జడ్జి ఆర్విడ్ టోలెఫ్సన్ వేళ్లు కొంతకాలంగా సన్నపనికి లొంగడం లేదు. గుమాస్తా డోరీన్ వచ్చి, చంటిపిల్లాడికి చొక్కా వేసినట్టు జిప్పును మెడదాకా లాగింది.

"లోపల రెండు స్వెట్టర్లు వేస్తే ఎలా ఎక్కుతుందండీ?"

"నార్త్ డకోటాలో జనవరి నెలకి ఆ మాట చెప్పు."

ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఫెడరల్ జడ్జిగా ఇరవై ఆరేళ్లు. గోధుమ పంట బీమా మోసాలు, పోస్టాఫీసు దొంగతనాలు, సరిహద్దు దాటొచ్చిన మత్తుమందు. ఆయన తీర్పు ఒక్కటీ పత్రికల్లో మొదటి పేజీకెక్కలేదు. పై కోర్టు కొట్టేసినవీ తక్కువే. తీర్పు రాశాక ఒక రాత్రి గడవనిచ్చి, మర్నాడు పొద్దున చదువుకుని సంతకం పెట్టడం ఆయన అలవాటు. ఆ అలవాటు మీద ఊళ్లో లాయర్లు హాస్యాలాడేవారు.

ఆ రోజు ఉన్నది ఒక్క అర్జీయే. జబ్బు దృష్ట్యా విడుదల చేయమని డ్వేన్ హోల్టర్ అనే ఖైదీ పెట్టుకున్నది. మత్తుమందు అమ్మి ఇరవై నాలుగో ఏట దొరికాడు. ఇప్పుడతనికి యాభై. మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. అతని అక్క వెర్నా మంచులో రెండు వందల మైళ్లు ట్రక్కు నడుపుకుంటూ వచ్చింది. జైలు నుంచి డ్వేన్ కోర్టు హాల్లోని వీడియో తెర మీద కనిపించాడు. దవడ ఎముకలు, వాటి మీద చర్మం. అంతే.

"ఇంట్లో కింది గది సర్దాను దొరగారూ," అంది వెర్నా లేచి. "వారానికి మూడుసార్లు ఆస్పత్రికి నేనే తీసుకెళ్తా. వాడు ఎక్కడికి పారిపోతాడు? మెట్లే ఎక్కలేడు."

ప్రభుత్వ లాయరు యువకుడు, మర్యాదస్తుడు. "శిక్ష చట్టప్రకారమే పడింది. పై కోర్టు కూడా ఖాయం చేసింది," అన్నాడు.

"చేసింది. ఒక్క వాక్యంలో," అన్నాడు జడ్జి. కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "ఆ రోజు నేను ఇరవై ఏళ్లు వేస్తే సరిపోయేది. నలభై వేశాను. కుర్చీ ఎక్కి అప్పటికి మూడు నెలలు. మెత్తనివాడంటారని భయపడ్డాను. చట్టం తప్పేం లేదు లాయరుగారూ. తప్పు నాది."

తెర మీద డ్వేన్ తల వంచుకున్నాడు.

జడ్జి తన గదికి వెళ్లి ఒకటిన్నర పేజీ ఉత్తర్వు రాశాడు. మిగిలిన శిక్ష రద్దు, వెంటనే విడుదల. రాసి, కలం మూయకుండానే కింద సంతకం పెట్టాడు.

డోరీన్ తెల్లబోయింది. "అదేంటండీ? తెల్లారితేగానీ పెట్టరుగా!"

"ఇరవై ఆరేళ్లు తెల్లారిందమ్మా. చాలదూ?"

కాగితాన్ని ఆమెకివ్వలేదు. తనే రెయిలింగు పట్టుకుని, మెట్టుకోసారి ఆగుతూ కింది అంతస్తులో ఉత్తర్వులు నమోదుచేసే కౌంటరుకు వెళ్లాడు. అది రికార్డులోకి ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాడు. వరండా బెంచీ మీద ఉన్న వెర్నాతో, "ఉత్తర్వు ఇచ్చేశాను. చీకటి పడకముందే బయల్దేరండమ్మా, రోడ్లు బాగాలేవు," అన్నాడు. ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

పైకొచ్చి కాఫీ అడిగాడు. డోరీన్ తెచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్లు మూసుకుపోయాయి. ఆమె పేరు పెట్టి పిలిచింది, భుజం కుదిపింది, చేయి పట్టి చూసింది. అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆ తర్వాత కింది కౌంటరుకు చేసింది.

"అయ్యగారి ఉత్తర్వు ఎక్కిందా?"

"ఎప్పుడో. మూడూ ఇరవైకి. ఏం?"

జడ్జి బతికుండగానే రికార్డులోకి ఎక్కింది కనక ఆ ఉత్తర్వు చెల్లింది. శుక్రవారం డ్వేన్ తన అక్క ట్రక్కులో ఇంటికెళ్లాడు.

జడ్జి పోయిన రోజు సాయంత్రం అంబులెన్సువాళ్లు వెళ్లిపోయాక డోరీన్ దీపాలార్పడానికి వచ్చింది. తలుపు పక్కన, పరిచిన పాత పేపరు మీద, మంచులో బూట్లపైన తొడుక్కునే ఆయన రబ్బరు జోళ్లు గోడవైపు ముక్కులు పెట్టి ఉన్నాయి. వాటి చుట్టూ కరిగిన మంచునీళ్లు ఇంకా ఆరలేదు.